సున్నపురాతి సాక్షులు

కాట్రేనికోన ప్రాంతమున పుట్టి పెరిగిన బాలునకు రాయి అపురూపమైన వస్తువు. ఎటు చూచినను కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు, ఉప్పుటేరులు, మడ అడవులు. అడుగు మోపిన చోటనెల్ల ఒండ్రుమట్టియో ఇసుకయో తప్ప గుట్ట యన్నది కానరాదు. ఇంటికి పునాది వేయవలెనన్నను, బాటకు కంకర పరువవలెనన్నను రాతిని మెట్టసీమనుండి తెప్పించుకొనవలసినదే. సున్నము కావలసినప్పుడు సైతము ఈ సీమలోని పూర్వులు సున్నపురాయికై వెదకలేదు. ఏటిలో దొరకు గుల్లలను బట్టీలలో కాల్చి గుల్లసున్నము చేసికొనిరి.

ఆ గుల్లనే కొంచెము శ్రద్ధగా పరిశీలింపవలెను. గుల్ల యనగా ఒక జలచరము నీటిలోని సున్నమును గ్రహించి, తన దేహరక్షణకై కట్టుకొనిన ఇల్లు. ప్రాణి నశించినను ఇల్లు నిలుచును. అట్టి ఇండ్లు కోట్లకొలదిగా సముద్రపుటడుగున పేరుకొని, పైబరువుచే అణగి, కాలక్రమమున గట్టిపడినప్పుడు సున్నపురాయి యగును. కావున బట్టీలోని గుల్లకును, గనిలోని సున్నపురాతికిని చుట్టరికము కలదు. ఒకటి నిన్నటిది, మరియొకటి కోట్ల యేండ్ల నాటిది.

మరి ఆ రాయి కోట్ల యేండ్ల నాటిదని ఎట్లు తెలిసెను? ఈ ప్రశ్నకు సమాధానము తేలికైనది కాదు. అగ్నిపర్వతమునుండి వెలువడిన రాతి వయస్సును కనుగొనుటకు ఒక ఉపాయము కలదు. కరగిన రాయి గడ్డకట్టునప్పుడు దాని ఖనిజములందు చిక్కుకొనిన రేడియోధార్మిక పదార్థము ఒక నియమమైన వేగమున క్షయించుచుండును. ఎంత క్షయించినదో, ఎంత మిగిలినదో కొలిచి కాలము లెక్కింతురు. సున్నపురాయి నిప్పునుండి పుట్టినది కాదు, నీటినుండి పుట్టినది. కావున ఈ కొలత దానికి సామాన్యముగా పనికిరాదు. పాతకాలపు బొగ్గు, ఎముకలు మొదలగువాటి వయస్సు తెలుపు కార్బను పరీక్ష సుమారు 50,000 సంవత్సరములకు మించి వెనుకకు పోజాలదు. కోట్ల యేండ్ల లెక్కకు అది చాలదు.

ఇట్టి చిక్కు శాసన పరిశోధకులకును కలుగుచుండును. శకసంవత్సరము లేని శాసనము దొరకినప్పుడు వారు అక్షరముల రూపమును చూతురు. తెలుగు లిపి శతాబ్దము శతాబ్దమునకు మారుచు వచ్చినది. తలకట్టు ఎట్లున్నది, గుణింతము ఎట్లు చెక్కబడినది అను దానినిబట్టి ఆ శాసనము తూర్పు చాళుక్యుల నాటిదో, రెడ్డిరాజుల నాటిదో నిర్ణయింతురు. సున్నపురాతిలోని గుల్లలును అట్టి అక్షరములే. యుగయుగమునకు వాటి రూపము మారుచు వచ్చినది. ఆ లిపిని చదువ నేర్చినవానికి రాయి తన కాలమును తానే చెప్పును.

అయితే అందరికిని కనబడు పెద్ద శంఖములు, ఆలిచిప్పలు ఈ పనికి అంతగా చాలవు. రాతిని పగులగొట్టినప్పుడు అవి ముక్కలగును, కావలసినన్ని దొరకవు. కంటికి కనబడీ కనబడని ఫొరామినిఫెరా లను జీవులు ఇందుకు మిక్కిలి యోగ్యములు. ఆ పేరు రంధ్రమును తెలుపు లాటిను పదమునుండి వచ్చినది. ఇవి ఏకకణజీవులు. చాలవరకు ఆవగింజకంటె చిన్నవి. అయినను ఒక్కొక్కటి గదులు గదులుగా సున్నపు గుల్ల కట్టుకొనును. గదుల సంఖ్య, అమరిక, గోడల నగిషీ జాతి జాతికి వేరుగా నుండును. గుప్పెడు సముద్రపు మట్టిలో ఇవి వేలకొలదిగా నుండవచ్చును. నేడును ఇవి సముద్రములందు బ్రదుకుచున్నవి. గోదావరి ముఖద్వారములలోని ఉప్పునీటి బురదలోను ఉన్నవి.

రాయి మెత్తనిదైనచో దానిని నీట నానవేసి, బట్టకంటె సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని క్రింద ఏరుదురు. 63 మైక్రాన్ల కన్నులుగల జల్లెడ ఇందుకు వాడుకలో నున్నది. ఒక మైక్రాను మిల్లీమీటరులో వేయవ వంతు. గట్టి సున్నపురాయి యిట్లు నీట కరగదు. దానిని పలుచని బిళ్లగా కోసి, అద్దమునకు అతికించి, మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందము మిగులువరకు అరగదీయుదురు. అప్పుడు రాయి కాచపు రేకువలె వెలుతురును తన గుండ పోనిచ్చును. లోపలి గుల్లల అడ్డుకోత స్పష్టముగా కనబడును. ఇది నెలలకొలది ఓర్పుతో చేయవలసిన పని.

సాక్షులందరును సమానులు కారు. కాలము చెప్పు సాక్షికి రెండు గుణములు ఉండవలెను. అది భూమిమీద కొద్దికాలమే జీవించి అంతరించిన జాతి కావలెను. ఆ కొద్దికాలములో అనేక దేశముల సముద్రములందు వ్యాపించినది కావలెను. సముద్రపు నీటిలో తేలియాడు ఫొరామినిఫెరాలకు ఈ రెండు గుణములును సమృద్ధిగా కలవు. ప్రవాహములు వాటిని దేశదేశములకు కొనిపోవును. కాని తీరపు లోతులేని నీటిలో ఇవి అరుదు. అక్కడి అడుగున బ్రదుకు జాతులలో అనేకములు దీర్ఘకాలము మార్పు లేక జీవించునవి. అవి తామున్న చోటును చక్కగా చెప్పును గాని కాలమును అంత చక్కగా చెప్పవు. లోతులేని నీటిలో ఏర్పడిన సున్నపురాతి వయస్సు కట్టుట కష్టమైన పనియగుటకు ఇదియే కారణము.

ఈ కష్టమును తీర్చునవి అడుగున బ్రదుకువానిలోనే పెద్ద ఆకారముగల కొన్ని జాతులు. వానిలో నుమ్ములైటు అనునది ప్రసిద్ధము. ఆ మాటకు చిన్న నాణెమని యర్థము. గుండ్రముగా, బిళ్లవలె నుండును. కొన్ని జాతులు పప్పుగింజంత. మరికొన్ని రూపాయి నాణెమునకంటె పెద్దవి. ఏకకణజీవి యింత పెరుగుట ఆశ్చర్యకరము. ఈజిప్టులోని గీజా పిరమిడ్లు ఈ బిళ్లలతో నిండిన సున్నపురాతితో కట్టబడినవి. రెండువేల యేండ్ల క్రిందట స్ట్రాబో అను గ్రీకు భూగోళజ్ఞుడు పిరమిడ్ల కడ పప్పుబద్దలవంటి రాతినలుసులను చూచెను. అవి పనివారు తిని విడిచిన ఆహారము రాయిగా మారినదని అచటివారు చెప్పుకొనుచుండిరట. స్ట్రాబో ఆ మాటను వ్రాసియుంచెను. 

ఈజిప్టు సంగతి కోనసీమకేల యని విద్యార్థి అడుగవచ్చును. కాట్రేనికోనకు పొరుగుననున్న ఉప్పలగుప్తము మండలములో భీమనపల్లి యను గ్రామము కలదు. చమురు, సహజవాయువులకై కృష్ణా గోదావరి మండలమున లోతైన బావులు త్రవ్వినప్పుడు, ఒండ్రుమట్టికి మిక్కిలి క్రిందుగా లోతులేని సముద్రమున ఏర్పడిన సున్నపురాతి పొర యొకటి తగిలెను. దానికి భూగర్భశాస్త్రజ్ఞులు భీమనపల్లి సున్నపురాయి యని పేరిడిరి. అది ఇయోసీను అను యుగపు నడిమికాలమునాటిది. అనగా సుమారు నాలుగు కోట్ల యేండ్లకు పైబడినది. గీజా పిరమిడ్ల రాయియు ఆ యుగమునాటిదే. ఇట్లే రాజోలు, పాలకొల్లు, పాశర్లపూడి, నరసాపురము అను పేర్లును భూగర్భపు పొరలకు చెల్లుచు దేశవిదేశముల శాస్త్రగ్రంథములలో కానవచ్చుచున్నవి. తమ యూరి పేరు లోకమున ఏ కారణముచే వాడబడుచున్నదో ఆ యూరి బాలురకు తెలియకపోవుట విచారకరము.

బావిలోని పొరను ఎవరును కంట చూడలేరు. పైకి వచ్చునది రాతిపొడియు, అరుదుగా ఒక రాతికడ్డియు మాత్రమే. కన్నులార చూడదగిన పొరకై రాజమహేంద్రవరము పరిసరములకు పోవలెను. నగరమునకు ఆనుకొనియున్న కాతేరు కడను, గోదావరికి పడమటి గట్టున గౌరీపట్నము, పంగిడి, దుద్దుకూరు ప్రాంతములందును నల్లరాతి గుట్టలు కలవు. ఈ నల్లరాయి గడ్డకట్టిన లావా. పశ్చిమభారతమును కప్పిన దక్కను లావాప్రవాహములలో ఒక భాగము సుమారు వేయి కిలోమీటర్లు పాఱి, ఆనాటి తూర్పు సముద్రతీరమునకు చేరినదని పరిశోధకులు భావించుచున్నారు. రెండు లావా పొరల నడుమ తెల్లని, లేత పసుపుచాయగల సున్నపురాతి పొర యొకటి చిక్కుకొనియున్నది. మొదటి లావా చల్లారిన పిమ్మట సముద్రపు ఉప్పునీరు దానిపై నిలిచి, అందు జీవులు బ్రదికి, గుల్లలు పేరుకొని రాయియైన తరువాత రెండవ లావా వచ్చి దానిని కప్పెను. పుస్తకపు అట్టల నడుమ కాగితమువలె ఆ పొర భద్రపడెను.

ఈ పొర వయస్సును గూర్చిన వాదము నూరేండ్లకు పైగా సాగినది. నాగపురమున నివసించిన స్టీఫెన్ హిస్లాపు 1860లో ఇందలి నత్తగుల్లలను వర్ణించి, యివి రాక్షసబల్లుల కాలమునకు తరువాతివని చెప్పెను. 1930లలో బెంగుళూరు సెంట్రల్ కళాశాలకు చెందిన ఎల్. రామారావును, ఆయన సహచరులును రాజమహేంద్రవరపు పొరలో ఫొరామినిఫెరాలను, సున్నపు నాచులను గుర్తించి, ఆ యభిప్రాయమునే బలపరచిరి. పిమ్మట మధ్యభారతమున లావాల నడిమి పొరలలో రాక్షసబల్లుల శిలాజములు దొరకగా, లావా అంతకుముందే వచ్చినదని మరికొందరు వాదించిరి. ఇరుపక్షములవారును పండితులే, ఇరువురి చేతను సాక్ష్యము కలదు.

ఈ వాదము స్థానికమైనది కాదు. 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట రాక్షసబల్లులును, సముద్రజీవులలో అనేకములును అంతరించినవి. ఇటలీలోని గుబ్బియో పట్టణము కడ సున్నపురాతిలో పెద్ద ఫొరామినిఫెరాలు హఠాత్తుగా మాయమై, వాటి పైపొరలో మిక్కిలి చిన్నవి మాత్రమే కనబడుట 1960లలో గుర్తింపబడెను. ఆ రెండు పొరల నడిమి బంకమట్టిలో ఇరిడియము అను లోహము మితిమీరి యున్నదని 1980లో ఆల్వారెజు తండ్రికొడుకులు, వారి సహచరులు ప్రకటించి, ఒక పెద్ద ఉల్క భూమిని తాకినదని చెప్పిరి. మెక్సికోలోని చిక్షులూబు కడ ఆ తాకిడిచే ఏర్పడిన గుంటయు గుర్తింపబడినది. కాని యించుమించు అదే కాలమున దక్కను లావాయును వెలువడుచుండెను గదా! ఆ వినాశములో లావా పాలెంత? ఇది తేలవలెనన్నచో లావా ఎప్పుడు వచ్చెనో తెలియవలెను. లావా పొరల నడుమ సముద్రజీవులు చిక్కుకొనిన రాజమహేంద్రవరపు సున్నపురాయి యిట్టి ప్రశ్నకు అరుదైన సాక్షి.

2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన గెర్టా కెల్లరు, రూర్కీ ఐ.ఐ.టి.కి చెందిన సునీల్ బాజ్‌పాయి మొదలగువారు ఈ గనులనుండి తెచ్చిన రాతిని పరిశోధించి ఫలితములను ప్రకటించిరి. తీరపు పొరలలో అరుదని పైన చెప్పబడిన తేలియాడు ఫొరామినిఫెరాలు కొలదిగానైనను అందు దొరకినవి. అవి మహావినాశము జరిగిన వెంటనే పుట్టిన డానియను కాలపు తొలిజాతులు, మిక్కిలి చిన్నవి. కావున క్రింది లావా వినాశకాలమునకు దగ్గరగా ముగిసినదనియు, పై లావా కొన్ని లక్షల యేండ్లకు తరువాత వచ్చినదనియు వారు నిర్ణయించిరి. 2011లో చమురు, సహజవాయు సంస్థవారి బావులనుండి తీసిన రాతి నమూనాలను పరిశీలించి ఆ వాదమును మరింత పెంపొందించిరి. లావాలో ఎంత భాగము వినాశమునకు ముందు, ఎంత తరువాత వెలువడినదను విషయమున పండితులు నేటికిని వాదించుచున్నారు. అయినను తెల్లని పొర చెప్పిన సాక్ష్యమును విడిచి ఎవరును వాదింపజాలరు.

ఇందు విద్యార్థులు గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. సాక్షి చిన్నదని త్రోసివేయరాదు. సాక్షి చెప్పినదని గ్రుడ్డిగా నమ్మనూరాదు. పాతరాతిలోని గుల్ల వరదలో కొట్టుకొనివచ్చి కొత్తమట్టిలో చేరవచ్చును. అప్పుడది మనుమని ఇంట తాతను చూపి ఇంటివయస్సు చెప్పినట్లగును. అందుచే శాస్త్రజ్ఞులు ఒక్క గుల్లతో తృప్తిపడరు. కలిసి జీవించిన జాతుల సముదాయమును చూతురు. పైని క్రింది లావాలలో నిలిచిన అయస్కాంతపు దిశను పరీక్షింతురు. లావా వయస్సును రేడియోధార్మిక పద్ధతిని కొలుతురు. అన్నియు ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు స్థిరపడును. క్రొత్త సాక్ష్యము వచ్చినచో తీర్పును మార్చుకొందురు. అట్లు మార్చుకొనుట శాస్త్రమునకు లోపము కాదు, బలము.

ఇక ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. ఈ తెల్లని పొర బయటపడినది చాలవరకు రాతిగనులవలన. కంకరకై నల్లరాతిని పేల్చినప్పుడు పొర గోడవలె నిలిచి కనబడును. ఆ గనియే మరికొంత సాగినచో ఆ గోడయును కూలును. చూపినదియు గనియే, చెరుపగలదియు గనియే. గని మూసివేసిన తరువాత అందు నీరు నిండి, మట్టి జారి, చెత్త చేరి గోడ కనుమరుగగుటయు సంభవము.

గనులు మూయవలెనని ఎవరైన అన్నచో అది తెలివిగల మాట కాదు. ఆ గనులలో కష్టించు కూలీల కుటుంబములు కలవు. రాయి పుట్టని కోనసీమవంటి చోటులకు బాటలు, వంతెనలు, ఇండ్లు మెట్టసీమ రాయి లేనిదే నిలువవు. రాతిని అనుభవించుచు రాతికొట్టువానిని నిందించుట న్యాయము కాదు. కాని సమస్తమును కొట్టవలసిన అవసరమును లేదు. పని ముగిసిన గనులలో, క్రింది లావా, తెల్లని పొర, పై లావా మూడును స్పష్టముగా కనబడు ఒక్క గోడను ఎన్నుకొని విడిచిపెట్టిన చాలును. దానికొక కంచె, వాననీరు పోవుటకొక కాలువ, తెలుగున వ్రాసిన పలక యొకటి ఉండవలెను. ఇందుకగు వ్యయము స్వల్పము.

ఇట్టి పని మన రాష్ట్రమునకు క్రొత్తది కాదు. తిరుమలలోని శిలాతోరణము, కడప సీమలోని మంగంపేట ముగ్గురాతి నిక్షేపము భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారిచే జాతీయ భూగర్భ స్మారకములుగా గుర్తింపబడినవి. విశాఖపట్టణమునకు చేరువనున్న ఎర్రమట్టి దిబ్బలకును ఆ గౌరవము దక్కినది. శిలాతోరణమునకు అందము కలదు, చూచినవాడు నిలిచిపోవును. తెల్లని పొరకు అట్టి అందము లేదు. చదువనివానికి అది సున్నపుచార వంటిది. అందము లేని సాక్షిని కాపాడుటకు చదువే కావలెను.

దీనివలన ఏమి లాభమని కొందరు అడుగుదురు. లాభము లెక్కించువారికిని సమాధానము కలదు. బావి త్రవ్వునప్పుడు ఏ లోతున ఏ యుగపు పొర తగిలినదో తెలిపి, చమురును వెదకువారికి దారి చూపునది ఈ సూక్ష్మశిలాజముల విద్యయే. కోనసీమ పొలములలో త్రవ్విన బావులనుండి వచ్చిన రాతిపొడిలోను ఈ గుల్లలనే వెదకిరి. కాని లాభమొక్కటే కొలత కాదు. తామ్రశాసనమును కరగించి చెంబు చేసికొనిన, చెంబునకు వెల కలదు. శాసనమున వ్రాసియున్న మాటకు వెల కట్టగలవాడెవడు? ఆ మాట పోయినచో తిరిగి రాదు. నల్లరాయి మరియొక గుట్టలో దొరకును. రాక్షసబల్లులు అంతరించిన కాలమును దక్కను లావాల నడుమ సముద్రజీవుల చేత చెప్పించు పొర కోరిన చోటనెల్ల దొరకదు.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయునుగాక; పాఠశాలలు చేయదగినదియు కొంత కలదు. విహారయాత్రకు పోవునప్పుడు గోదావరి వంతెనను, ధవళేశ్వరము ఆనకట్టను చూచు బాలురు, ఉపాధ్యాయుల వెంట అనుమతి గల చోటునకు పోయి ఈ పొరనుకూడ చూడవచ్చును. గని అంచున నిలువక, సుత్తితో కొట్టక, దూరమునుండి చూచిన చాలును. విశ్వవిద్యాలయములవారు అరగదీసిన రాతిబిళ్ల నొకదానిని అద్దముపై అతికించి పాఠశాలకిచ్చినచో, ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినితోనే తరగతి యంతయు చూడవచ్చును. కాట్రేనికోన బాలురకు మరియొక సౌకర్యము కలదు. వారి యూరి ఉప్పుటేటి బురదలో నేడు బ్రదుకుచున్న జీవులే ఆ రాతిలోని జీవుల బంధువులు. గుప్పెడు బురదను సన్నని బట్టలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో, లక్షల యేండ్లకు పిదప సాక్ష్యము చెప్పవలసినవారు ఇప్పుడే గదులు కట్టుకొనుచుండుట కానవచ్చును.

కోనసీమ నేల కొన్ని వేల యేండ్లలో గోదావరి తెచ్చి పోసిన మట్టి. దాని క్రింద కోట్ల యేండ్ల చరిత్ర అణగియున్నది. ఆ చరిత్రను వ్రాసినవారు రాజులు కారు, కవులు కారు. ఆవగింజ పాటి దేహము లేని ప్రాణులు. వారు వ్రాసిన పుటలలో పైకి కనబడునవి మిక్కిలి కొలది. ఉన్న కొలది పుటలలో ఒకదానినైన కంకర కాకుండ కాపాడుట విద్యావంతమైన సమాజమునకు కనీసధర్మము.